300 ఓమ్‌ల హెడ్‌ఫోన్స్‌కు నలభై వేల ఆంప్లిఫైయర్ కావాలా?

ప్రశ్న: సార్, మాది ఒంగోలు. హైస్కూల్లో లెక్కలు చెబుతాను. డాలస్‌లో ఉండే మా అన్నయ్య సంక్రాంతికి వస్తూ నాకోసం సెన్‌హైజర్ హెచ్‌డి 6ఎక్స్‌ఎక్స్ హెడ్‌ఫోన్స్ తెచ్చాడు. ఫోన్‌కు జాక్ లేదు కాబట్టి చిన్న టైప్-సి అడాప్టర్ పెట్టుకుని వింటున్నాను. కొత్త సినిమా పాటలు బాగానే వినిపిస్తున్నాయి. కానీ మా నాన్నగారు క్యాసెట్లలో దాచుకున్న షేక్ చినమౌలానా గారి నాదస్వరం కచేరీలు కంప్యూటర్‌లోకి ఎక్కించాను. అవి మాత్రం వాల్యూమ్ చివరికంటా పెట్టినా నీరసంగా, పల్చగా ఉంటున్నాయి. చెన్నై రిచీ స్ట్రీట్‌లో ఒక షాపులో అడిగితే, ఇవి 300 ఓమ్‌లవి, తక్కువలో తక్కువ నలభై వేల ఆంప్లిఫైయర్ లేనిదే పలకవు అన్నారు. సింగరాయకొండలో మైక్‌సెట్ నడిపే మా బాబాయి ఆ మాట విని, "ఇంట్లో నూట ఇరవై వాట్ల అహుజా సెట్టు పెట్టుకోని ఇంకోటి కొనేదేందిరా, దానికే తగిలిద్దాం పట్టుకురా" అంటున్నాడు. నెల్లూరులో ఒక స్నేహితుడు ట్యూబ్ ఆంప్లిఫైయర్ కొనమంటున్నాడు. అన్నయ్యేమో అమెరికా నుంచే ఒకటి పంపిస్తానంటున్నాడు. ఎవరి మాట వినాలి? ఏది కొన్నా, తొమ్మిదో తరగతి చదివే మా పాప ఇయర్‌ఫోన్లు కూడా దానికే పెట్టుకోవచ్చా?

సమాధానం: మాస్టారూ, ముందు డబ్బు సంగతి చెప్పేస్తాను. నలభై వేలు అక్కర్లేదు. అందులో ఐదో వంతులోనే మీ పని అయిపోతుంది. కాస్త ఓపిక ఉంటే సగం సమస్య పైసా ఖర్చు లేకుండా తీరుతుంది. మీ బాబాయి గారి సెట్టుకు మాత్రం ఈ హెడ్‌ఫోన్స్ తగిలించకండి. ఆయన మాట తీసెయ్యడం ఇష్టం లేకపోతే ఈ సమాధానం ఆయనకు చూపించండి. మైక్‌సెట్ వాళ్లకు ఇందులో విషయం చప్పున అర్థమవుతుంది.

మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే పనికొచ్చిన ముక్క, కొత్త పాటలు బాగున్నాయి, పాత కచేరీలే నీరసంగా ఉన్నాయి అన్నది. హెడ్‌ఫోన్స్ అవే, ఫోన్ అదే, అడాప్టర్ అదే. మారింది రికార్డింగ్ ఒక్కటే. షాపులో ఈ ప్రశ్న అడిగినవాళ్లు ఎవరూ లేరు. 300 ఓమ్‌లు అనే అంకె చూశారు, ధర చెప్పేశారు.

మీరు లెక్కల మాస్టారు కాబట్టి లెక్కతోనే వెళ్దాం. సెన్‌హైజర్ హెచ్‌డి 650 అనే మోడల్ 2003లో వచ్చింది. మీ దగ్గరున్న 6ఎక్స్‌ఎక్స్ దాని తోబుట్టువే. అప్పట్లో మాస్‌డ్రాప్ అని పిలిచే అమెరికా కంపెనీ 2016లో దాన్ని తక్కువ ధరకు తెచ్చింది. హెచ్‌డి 650కి కంపెనీ చెప్పే అంకెలు రెండు చాలు మనకు: ఇంపెడెన్స్ (కరెంటుకు కలిగే అడ్డు, దాన్ని ఓమ్‌లలో కొలుస్తారు) 300 ఓమ్‌లు, 1 వోల్ట్ ఇస్తే 103 డెసిబెల్స్ శబ్దం. వోల్టేజ్ రెట్టింపు చేస్తే 6 డెసిబెల్స్ పెరుగుతాయి, సగం చేస్తే 6 తగ్గుతాయి. అంటే అర వోల్ట్‌కు 97, రెండు వోల్ట్‌లకు 109, నాలుగు వోల్ట్‌లకు 115.

ఇక మీ అడాప్టర్. ఆ చిన్న తోకలో ఒక డిజిటల్ కన్వర్టర్, ఒక బుల్లి ఆంప్లిఫైయర్ ఉంటాయి. మామూలు రకాలు ఎంత గింజుకున్నా అర వోల్ట్ నుంచి ఒక వోల్ట్ దాకా ఇస్తాయి. మీది అర వోల్ట్‌ది అనుకుందాం. అప్పుడు పాటలో అన్నిటికంటే పెద్ద శబ్దం వచ్చే క్షణంలో మీ చెవికి 97 డెసిబెల్స్ అందుతుంది. అది తక్కువేమీ కాదు. అయితే మనం వినేది ఆ ఒక్క క్షణాన్ని కాదు, పాట సగటున నడిచే స్థాయిని. ఈ కాలం సినిమా పాటను మిక్స్ చేసేటప్పుడే నొక్కి పైకి లేపుతారు కాబట్టి సగటు ఆ పై అంచుకు పది డెసిబెల్స్ కిందే ఉంటుంది. 97లో పది తీసేస్తే 87. అది గట్టిగానే వినిపిస్తుంది, అందుకే మీకు కొత్త పాటలతో ఇబ్బంది రాలేదు. కచేరీ అలా కాదు. ఆలాపన మెల్లగా మొదలవుతుంది, డోలు తనియావర్తనంలో ఒక్కసారి విరుచుకుపడుతుంది. సగటుకూ అంచుకూ మధ్య ఇరవై డెసిబెల్స్ తేడా మామూలు. అంటే 77. దానిపైన మీరు క్యాసెట్ నుంచి ఎక్కించేటప్పుడు ఎక్కడ పగులుతుందోనన్న భయంతో రికార్డింగ్ లెవల్ తక్కువ పెట్టి ఉంటారు. అందరూ చేసే పనే అది. అక్కడ ఇంకో పది పోయాయనుకుంటే మిగిలింది 67. ఈ అంకెలు రికార్డింగ్‌ను బట్టి అటూ ఇటూ అవుతాయి గానీ మీకు జరుగుతున్నది ఇదే.

67 డెసిబెల్స్ అంటే పక్కన కూర్చుని మాట్లాడుకునే స్థాయికి కాస్త పైన. నాదస్వరాన్ని అంత మెల్లగా వినడం అన్యాయం. పల్చగా ఉందని మీరు రాసిన మాటకు కూడా కారణం ఇక్కడే ఉంది. శబ్దం తగ్గేకొద్దీ మన చెవికి కింది స్థాయి (బేస్) మోతలు ముందు మాయమవుతాయి. ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1933లోనే దీన్ని కొలిచి గ్రాఫులు గీశారు. 2,000 నుంచి 5,000 హెర్ట్జ్ మధ్య మన చెవి చురుగ్గా ఉంటుంది కాబట్టి నాదస్వరం కీచుదనం మిగులుతుంది, డోలు గుండె పోతుంది. చాలామంది దీన్ని హెడ్‌ఫోన్స్ లోపం అనుకుంటారు. ఆంప్లిఫైయర్ పెట్టగానే సౌండ్ నిండుగా మారిందని చెప్పేవాళ్లలో ఎక్కువమందికి నిజంగా జరిగింది వాల్యూమ్ పెరగడమే.

ఇంకో సంగతి. మీవి వెనక జాలీ ఉన్న ఓపెన్ హెడ్‌ఫోన్స్. బయటి శబ్దం లోపలికి, లోపలిది బయటికి ధారాళంగా తిరుగుతుంది. ఒంగోలు ఎండల్లో ఫ్యాన్ ఆపి సంగీతం వినమని మీకు చెప్పలేను. కానీ ఐదు మీద తిరిగే ఫ్యాన్ కింద కూర్చుంటే ఆలాపనలోని సన్నని సంగతులు ఆ హోరులో కలిసిపోతాయి. మీరు వాల్యూమ్ పెంచడానికి అది కూడా ఒక కారణం. ఫ్యాన్ రెండుకు తగ్గించి, తెల్లవారుజామున ఒకసారి అదే కచేరీ విని చూడండి. తేడా మీకే తెలుస్తుంది.

ఇప్పుడు ఖర్చు లేని మందు. ఆ కచేరీ ఫైళ్ల కాపీలు తీసి, ఒరిజినల్స్ భద్రంగా పక్కన పెట్టి, కాపీలను ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో తెరవండి. అందులో నార్మలైజ్ అనే పని ఉంది. ఫైల్‌లో అన్నిటికంటే పెద్ద శబ్దాన్ని చూసుకుని, అది పగలకుండా ఎంతవరకు పెంచవచ్చో అంతవరకు మొత్తాన్ని సమానంగా పైకి లేపుతుంది. కచేరీలోని ఎత్తుపల్లాలు అలాగే ఉంటాయి. మీరు పది డెసిబెల్స్ తక్కువలో ఎక్కించి ఉంటే ఆ పదీ తిరిగి వచ్చేస్తాయి. క్యాసెట్ రికార్డింగుల్లో ఒక చిక్కు ఉంటుంది. రికార్డ్ బటన్ నొక్కినప్పుడో, ఎవరో మైకును తట్టినప్పుడో ఒక టప్పుమనే శబ్దం పడి ఉంటుంది. ఆ ఒక్క టప్పు పై అంచును తాకుతుంటే సాఫ్ట్‌వేర్ మిగతా కచేరీని పైకి లేపలేదు. గ్రాఫులో ఒంటరిగా నిక్కపొడుచుకుని కనిపిస్తుంది, ఆ ముక్కను కత్తిరించి ఆ తర్వాత నార్మలైజ్ చేయండి. టేపు బుస కూడా దానితోపాటు పెరుగుతుందని దిగులు పడకండి. అది టేపులోనే ఉంది, నలభై వేల ఆంప్లిఫైయర్ పెట్టినా అంతే పెరుగుతుంది. ఆ కచేరీల కోసం ఈ శ్రమ పడదగినదే. మీ ఊరి పక్కనే ఉన్న కరవదిలో 1924లో పుట్టి, శ్రీరంగంలో స్థిరపడి, 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ వారి సంగీత కళానిధి అందుకున్న మనిషి ఆయన. మీ నాన్నగారి క్యాసెట్లు ఇంకెక్కడా దొరకని కచేరీలవి కూడా కావచ్చు. ఒరిజినల్ ఫైళ్లను రెండు చోట్ల దాచండి.

ఈ పని చేశాక 67 కాస్తా 77 అవుతుంది. చాలామందికి ఇది చాలు. నాదస్వరం పక్కన కూర్చుని వింటున్నట్టు ఉండాలని మీకు అనిపిస్తే, ఇక్కడ ఆంప్లిఫైయర్‌కు పని పడుతుంది. అర వోల్ట్ నుంచి రెండు వోల్ట్‌లకు వెళ్తే నాలుగు రెట్లు, అంటే 12 డెసిబెల్స్. 77కు 12 కలిపితే 89. కాసేపు వినడానికి అంతకు మించి ఎవరికీ అక్కర్లేదు.

రెండు వోల్ట్‌లంటే ఎంత పవర్? వోల్టేజ్ వర్గాన్ని ఓమ్‌లతో భాగిస్తే, 4ను 300తో భాగిస్తే, 13 మిల్లీవాట్లు. కరెంటు ఏడు మిల్లీ ఆంపియర్లు కూడా లేదు. మీ హెడ్‌ఫోన్స్‌ను ఎవరైనా మొండిఘటం అంటే ఈ అంకె చెప్పండి. వీటికి బలం అక్కర్లేదు, వోల్టేజ్ అందితే చాలు. లోపల శబ్దం పుట్టించే తీగచుట్టలో, అంటే వాయిస్ కాయిల్‌లో, సన్నని తీగను ఎక్కువ చుట్లు చుట్టడం వల్ల ఇంపెడెన్స్ పెరిగింది, అంతే. కాయిల్ తేలిగ్గా ఉంటుంది, కరెంటు తక్కువ లాగుతుంది. బేయర్‌డైనమిక్ డిటి 880లో 600 ఓమ్‌ల రకం ఉంది. అది కూడా 110 డెసిబెల్స్ పలకడానికి అడిగేది నాలుగు వోల్ట్‌ల లోపే, 25 మిల్లీవాట్లు. ఓమ్‌లు తక్కువైతే సులువు అనుకోవడమూ పొరపాటే. హైఫైమాన్ హెచ్‌ఈ-6 అనే ప్లేనార్ (పలుచని పొర మీద తీగ పరిచిన రకం) హెడ్‌ఫోన్స్ ఇంపెడెన్స్ 50 ఓమ్‌లే. కానీ ఒక మిల్లీవాట్‌కు 83.5 డెసిబెల్సే పలుకుతుంది. అదే 110 డెసిబెల్స్ కావాలంటే దానికి దాదాపు 450 మిల్లీవాట్లు, 95 మిల్లీ ఆంపియర్ల కరెంటు పొయ్యాలి. మొండిఘటం అంటే అది. దానికి పెద్ద ఆంప్లిఫైయర్ కొనమంటే నేనూ అవునంటాను.

షాపుల్లో మోసపోయేది వాట్ల దగ్గర. పెట్టె మీద "1,000 మిల్లీవాట్లు" అని పెద్ద అక్షరాలతో ఉంటుంది, పక్కన చిన్నగా 32 ఓమ్‌ల వద్ద అని ఉంటుంది. దాన్ని వోల్టేజ్‌లోకి మార్చుకోవడం మీకు చిటికెలో పని. వాట్లను ఓమ్‌లతో గుణించి వర్గమూలం తీయండి. ఒక వాట్ ఇంటూ 32, దాని వర్గమూలం 5.66 వోల్ట్‌లు. ఆ ఆంప్లిఫైయర్ కనీసం అంత వోల్టేజ్ ఇవ్వగలదన్నమాట. మీ 300 ఓమ్‌లకు వచ్చేసరికి అదే వోల్టేజ్ 107 మిల్లీవాట్లు అవుతుంది. వెయ్యి కాస్తా నూట ఏడుకు పడిపోయిందని కంగారు పడక్కర్లేదు, 5.66 వోల్ట్‌లకు మీ హెడ్‌ఫోన్స్ 118 డెసిబెల్స్ పలుకుతాయి. అది చెవికి ప్రమాదకరమైన స్థాయి. నలభై వేల పెట్టెలో మీకు దొరికేది ఇంకా పెద్ద అంకె. వాల్యూమ్ నాబ్ ఎప్పుడూ తొమ్మిది గంటల స్థానం దాటదు. మంచి ఆంప్లిఫైయర్లు రెండింటిని ఒకే వాల్యూమ్‌కు సరిచేసి పక్కపక్కన పెట్టి వినిపిస్తే ఏది ఏదో చెప్పడం చాలా కష్టమని నా గట్టి నమ్మకం. షాపులో మాత్రం ఖరీదైనదాన్ని కాస్త పెద్దగా పెట్టి వినిపిస్తే చాలు, మన చెవి దానివైపే మొగ్గుతుంది. ఈసారి చెన్నై వెళ్తే మీ హెడ్‌ఫోన్స్, నార్మలైజ్ చేసిన మీ కచేరీ ఫైల్ వెంట తీసుకెళ్లి, వాల్యూమ్ మీ చేతిలో పెట్టుకుని వినండి.

బాబాయి గారి సెట్టు సంగతికి వద్దాం. మైక్‌సెట్ ఆంప్లిఫైయర్ వెనక 4, 8, 16 ఓమ్‌ల టెర్మినల్స్, పక్కన 70 వోల్ట్, 100 వోల్ట్ లైన్ టెర్మినల్స్ ఉంటాయి. గుడి దగ్గర సెట్టు పెట్టి ఊరి చివరిదాకా హారన్లు కట్టాలంటే బాబాయి 100 వోల్ట్ లైన్ ఎందుకు వాడతారో ఆయనకు తెలుసు. వోల్టేజ్ ఎక్కువ, కరెంటు తక్కువ ఉంటే సన్నని వైర్ చాలు, దారిలో పవర్ తగలబడదు. మీ హెడ్‌ఫోన్స్ కూడా ఆ పద్ధతివే, వోల్టేజ్ కాస్త ఎక్కువ, కరెంటు బాగా తక్కువ. ఆ మాట వరకు ఆయన ఆలోచన సరైన దారిలోనే ఉంది. తేడా అంతా మోతాదులో ఉంది. 120 వాట్ల సెట్టు 8 ఓమ్‌ల టెర్మినల్ దగ్గర ఫుల్ వాల్యూమ్‌లో 31 వోల్ట్‌లు ఇస్తుంది. మీ హెడ్‌ఫోన్స్‌కు అది 133 డెసిబెల్స్. పొరపాటున 100 వోల్ట్ లైన్‌కు తగిలితే 33 వాట్లు ఆ వెంట్రుకంత తీగలోకి వెళ్తాయి, కాయిల్ మాడిపోతుంది. కాయిల్ పోతే మళ్లీ కొనుక్కోవచ్చు, చెవి పోతే కొనలేం. మైకులో ఎవరో ఊదినా, పిన్ను లూజై గీమన్నా ఆ దెబ్బ నేరుగా చెవికే. నాబ్ తక్కువలో పెడతానన్నా వద్దు. అంత పెద్ద సెట్టు ఊరికే ఉన్నప్పుడు చేసే బుస హారన్‌లో వినపడకపోవచ్చు, చెవి పక్కన పెట్టుకుంటే భరించలేరు. పైగా అది మోనో, రెండు చెవులకూ ఒకే శబ్దం.

అయితే మీ ఇంట్లోనో బాబాయి గారి ఇంట్లోనో పాత స్టీరియో ఆంప్లిఫైయర్ ఏదైనా అటక మీద ఉందేమో చూడండి. క్యాసెట్ డెక్‌తో పాటు కొన్న రకం, ముందువైపు లావు పిన్ను హెడ్‌ఫోన్ సాకెట్ ఉన్నది. వాటిలో చాలావరకు స్పీకర్ లైన్‌కే మధ్యలో కొన్ని వందల ఓమ్‌ల రెసిస్టర్ పెట్టి ఆ సాకెట్‌కు ఇచ్చేవారు. ఈ కాలపు ఇయర్‌ఫోన్లకు అది పనికిరాదు గానీ 300 ఓమ్‌ల హెడ్‌ఫోన్స్‌కు బాగానే సరిపోతుంది. హెడ్‌ఫోన్ సాకెట్‌కు 120 ఓమ్‌ల అవుట్‌పుట్ ఇంపెడెన్స్ (ఆంప్లిఫైయర్ వైపు ఉండే అడ్డు) ఉండాలని 1996 నాటి అంతర్జాతీయ ప్రమాణంలోనే ఉంది. వాల్యూమ్ నాబ్ తిప్పితే గరగరమంటుంది, రేడియో మెకానిక్ దగ్గర కాంటాక్ట్ క్లీనర్ కొట్టిస్తే పోతుంది. అలాంటిది దొరికితే మీకు కొనే పనే లేదు.

నెల్లూరు స్నేహితుడు చెప్పిన ట్యూబ్ ఆంప్లిఫైయర్ మాటలో కొంత నిజం ఉంది. ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా ట్యూబుల నుంచి నేరుగా హెడ్‌ఫోన్స్‌కు వెళ్లే రకాలు 300 ఓమ్‌లకు బాగా జత పడతాయి. వాటి అవుట్‌పుట్ ఇంపెడెన్స్ ఎక్కువ, ఇంచుమించు వంద ఓమ్‌లు, ఒక్కోసారి ఇంకా పైన. మీ హెడ్‌ఫోన్స్ ఇంపెడెన్స్ అన్ని చోట్లా 300 ఉండదు. కింది స్థాయిలో వంద హెర్ట్జ్ దగ్గర్లో అది 500 దాకా లేస్తుంది. 120 ఓమ్‌ల ఆంప్లిఫైయర్‌తో లెక్క వేస్తే 300 దగ్గర 71 శాతం వోల్టేజ్ అందుతుంది, 500 దగ్గర 81 శాతం. అంటే డోలు తొప్పి మోత దగ్గర సుమారు ఒక డెసిబెల్ పెరుగుతుంది. ట్యూబుల వెచ్చదనం అని వర్ణించేదాంట్లో పెద్ద భాగం ఇదే. ఆ ఒక్క డెసిబెల్ ఫోన్‌లో ఈక్వలైజర్ జరిపితే ఉచితంగా వస్తుంది. ఆ పెట్టె లోపల ప్రాణం తీసేంత వోల్టేజ్ ఉంటుంది, పైన గాజు బల్బులు చెయ్యి పెట్టలేనంత కాలుతుంటాయి. చిన్నపిల్లలు తిరిగే ఇంట్లో, రోహిణి కార్తెలో, ఏసీ లేని గదిలో మొదటి ఆంప్లిఫైయర్‌గా దాన్ని కొనమని నేను చెప్పను. ట్యూబులంటే ఇష్టం ఉండి, చూసుకోవడానికి తీరిక ఉన్నవాళ్లు తర్వాత కొనుక్కోవచ్చు.

అన్నయ్య పంపిస్తానన్నది మాత్రం జాగ్రత్తగా ఆలోచించండి. అమెరికాలో కరెంటు 120 వోల్ట్‌లు, మనకు 230. అక్కడ బాగా పేరున్న చిన్న ఆంప్లిఫైయర్లు షీట్ మాగ్ని, జేడీఎస్ ల్యాబ్స్ ఆటమ్ లాంటివి గోడకు పెట్టే అడాప్టర్‌తో వస్తాయి. అక్కడి అడాప్టర్ మన ప్లగ్గులో పెడితే కాలిపోతుంది. ఇక్కడ వేరే అడాప్టర్ కొనుక్కుంటాలే అనుకోవద్దు. వాటికి కావలసింది ఏసీ అవుట్‌పుట్ ఇచ్చే అడాప్టర్, బజార్లో సెటాప్ బాక్సులకూ రౌటర్లకూ దొరికేవన్నీ డీసీవి. ఆంప్లిఫైయర్లు మంచివే, ధర కూడా న్యాయమే. పంపేటట్టయితే 230 వోల్ట్‌ల అడాప్టర్‌తో ఉన్నదే ఆర్డర్ చేయమని చెప్పండి. పాడైతే బాగు చేయించడానికి మళ్లీ అమెరికా పంపాలి, అది కూడా ఆలోచనలో పెట్టుకోండి.

మీరు నా ఇంట్లోవారైతే నేను కొనిపెట్టేది ఇది. 3.5 మిల్లీమీటర్ల సాకెట్ నుంచి 2 వోల్ట్‌లు ఇచ్చే యూఎస్‌బీ డాంగిల్, అంటే మీ టైప్-సి అడాప్టర్ లాంటిదే, కాస్త బలమైనది. పెట్టె మీద వాట్లు కాకుండా వోల్ట్‌లు రాసి ఉన్నది చూసుకోండి. ఉదాహరణకు మూన్‌డ్రాప్ డాన్ ప్రోకు 3.5 సాకెట్ దగ్గర 2 వోల్ట్‌లు, 4.4 బ్యాలెన్స్‌డ్ సాకెట్ దగ్గర 4 వోల్ట్‌లు ఉన్నాయి. ఇలాంటివి మూడు వేల నుంచి ఏడు వేల మధ్యలో దొరుకుతున్నాయి. 4.4 సాకెట్ వాడాలంటే మీ హెడ్‌ఫోన్స్‌కు వేరే కేబుల్ కొనాలి, ఇప్పుడే దాని జోలికి పోకండి. బ్యాలెన్స్‌డ్ అనే మాటలో మంత్రమేమీ లేదు, వోల్టేజ్ రెట్టింపై 6 డెసిబెల్స్ వస్తాయి. ఆ ఆరూ నిజంగా కావాలనిపించిన రోజున కేబుల్ తెప్పించుకోవచ్చు.

మన ఊళ్లలో డాంగిల్‌కు ఇంకో లాభం ఉంది. అది ఫోన్ బ్యాటరీ మీద నడుస్తుంది. ఎర్తింగ్ సరిగా లేని ఇళ్లలో ల్యాప్‌టాప్‌కు చార్జర్ పెట్టి బల్ల మీది ఆంప్లిఫైయర్‌కు కలిపితే గుయ్‌మనే శబ్దం తరచుగా వస్తుంది. కరెంటు పోయి పాత స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద నడిస్తే ఆ గోల ఇంకా ఎక్కువ. డాంగిల్‌కు ఈ బాధలు రావు. మీరు రోజూ కంప్యూటర్ ముందు కూర్చునే వినేటట్టయితే, లావు పిన్ను సాకెట్, చేతికి అందే వాల్యూమ్ నాబ్ ఉన్న డెస్క్‌టాప్ రకం సుఖంగా ఉంటుంది. పది పదిహేను వేలలో ఫియో, టాపింగ్ లాంటి కంపెనీలవి వస్తాయి. అంతకు పైకి వెళ్లడానికి ఈ హెడ్‌ఫోన్స్ విషయంలో నాకు కారణం కనిపించదు. మిగిలే డబ్బుతో క్యాసెట్ డెక్ హెడ్ శుభ్రం చేయించి, అరిగిన బెల్టులు మార్పించి, ముఖ్యమైన క్యాసెట్లను సరైన లెవల్‌లో మళ్లీ ఎక్కించండి. సౌండ్‌లో నిజమైన మార్పు అక్కడ వస్తుంది.

కొనేటప్పుడు ఆపిల్ డాంగిల్ చవకగా ఉందని ఎవరైనా చెప్పవచ్చు. అది మంచిదే, కానీ చాలా ఆండ్రాయిడ్ ఫోన్లకు పెడితే వాల్యూమ్ సగంలోనే ఆగిపోతుంది, మీకు మళ్లీ ఇదే సమస్య. ఏది కొన్నా వాపసు గడువు లోపలే మీ ఫోన్‌తో, మీ కచేరీ ఫైల్‌తో పరీక్షించండి. ఫోన్ వాల్యూమ్ పూర్తిగా పెంచినా నీరసంగానే ఉంటే అది ఫోన్ పెట్టే పరిమితి కావచ్చు. డాంగిల్‌ను కంప్యూటర్‌కు పెట్టి చూస్తే తేలిపోతుంది.

ఇక పాప ఇయర్‌ఫోన్లు. పెట్టుకోవచ్చు, కానీ జాగ్రత్త మీదే. మామూలు ఇయర్‌ఫోన్లు 16 లేదా 32 ఓమ్‌లు ఉంటాయి, మీ హెడ్‌ఫోన్స్ కంటే చాలా తక్కువ వోల్టేజ్‌కే పెద్దగా పలుకుతాయి. మీరు కచేరీకి పెట్టిన వాల్యూమ్ అలాగే ఉండగా పాప తన ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటే చెవి అదిరిపోతుంది. డాంగిల్‌లో గెయిన్ (శబ్దాన్ని ఎంత పెంచాలో నిర్ణయించే) సెట్టింగ్ ఉంటే ఆమెకు లో మీద పెట్టండి. పెద్దవాళ్లకు వారానికి 40 గంటలు 80 డెసిబెల్స్ దాకా, పిల్లలకు 75 దాకా పర్వాలేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 90 డెసిబెల్స్ అయితే పెద్దవాళ్లకే వారానికి నాలుగు గంటలు. మీ కచేరీ వినడానికీ ఇదే లెక్క వర్తిస్తుంది. పాత స్టీరియో ఆంప్లిఫైయర్ దొరికితే మాత్రం పాప ఇయర్‌ఫోన్లు దానికి పెట్టనివ్వకండి. అవుట్‌పుట్ ఇంపెడెన్స్ ఇయర్‌ఫోన్ ఓమ్‌లలో ఎనిమిదో వంతు లోపల ఉండాలి, అంటే 16 ఓమ్‌లకు 2 ఓమ్‌లు. డాంగిల్స్‌లో ఎక్కువభాగం ఆ లోపలే ఉంటాయి. ఎవరు వాడినా ముందు వాల్యూమ్ సున్నాకు దించి, పిన్ను పెట్టి, చెవికి తగిలించుకున్న తర్వాతే మెల్లగా పెంచాలని పాపకు ఒకసారి మీరే చేసి చూపించండి.